1950ల, 60ల భవనంలో ఫ్లాటు కొనాలంటే: మినిట్స్ పుస్తకం నుంచి పిట్టగోడ దాకా

ఈ తరహా ఫ్లాట్ల ప్రకటనల్లో ముందుగా కనిపించేది కిటికీ. గోడ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అద్దం, అవతల ఏపుగా ఎదిగిన చెట్లు, ఇవతల చెక్క నేల మీద పరుచుకున్న ఎండ. ఆ ఫొటో అబద్ధం చెప్పదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, సుమారు 1945 నుంచి 1970 దాకా కట్టిన నివాస భవనాలు చాలావాటిలో వెలుతురు ధారాళం, గదుల అమరికలో వృథా తక్కువ, భవనానికీ భవనానికీ మధ్య ఖాళీ జాగా ఎక్కువ. ఇప్పుడు అంత స్థలం వదిలి కట్టేవారు అరుదు. కానీ ఆ అద్దం చుట్టూ ఉన్న ఇనుప చట్రానికి పట్టిన తుప్పు, గోడలో అరవై ఏళ్లుగా ఉన్న నీటి గొట్టం, భవనాన్ని నడిపే సంఘం ఖాతాలో మిగిలిన సొమ్ము ఆ ఫొటోలోకి రావు.

కొనేవారిలో చాలామంది ముందు ఫ్లాటు చూసి మనసు పారేసుకుంటారు, భవనం సంగతి తర్వాత విచారిస్తారు. అప్పటికి కళ్లు చూడవలసినవి చూడవు. ఎక్కడ ఏ సోఫా వేయాలో ఇంట్లో చర్చ మొదలైపోతుంది. అందుకే ఇక్కడ వరుస తిరగేశాను. ముందు కాగితాలు, ఆ తర్వాత డాబా, సెల్లారు, చిట్టచివరికి హాలు.

మొదటి అడుగు: భవనం ఏ కోవకు చెందినదో తేల్చుకోండి

ఒకే కాలంలో కట్టినంత మాత్రాన భవనాలన్నీ ఒకటి కావు. స్థూలంగా నాలుగు రకాలు.

ఇటుక గోడలే బరువు మోసే మూడు నాలుగు అంతస్తుల భవనం మొదటిది. తరచూ లిఫ్టు ఉండదు, కాబట్టి లిఫ్టు ఖర్చూ ఉండదు. మెట్లెక్కగలిగినవారికి ఇంతకన్నా నిలకడైన సరుకు లేదని నా అభిప్రాయం. ఒక్క చిక్కుంది: రెండు గదులను కలిపేద్దామని లోపలి గోడ తీయబోతే అది పై అంతస్తును మోస్తున్న గోడ కావచ్చు.

రెండోది పిల్లర్లు, బీములు, శ్లాబులతో నిలబడే కాంక్రీటు భవనం. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో వాస్తుశిల్పి లె కొర్బూజియె రూపొందించిన, 1952లో పూర్తయిన 337 ఇళ్ల భవనాన్ని ఈ వంశానికి తాత అనుకోవచ్చు. మూడోది ఉక్కు చట్రానికి అద్దాలు తొడిగిన టవర్. షికాగోలో మిషిగన్ సరస్సు ఒడ్డున 1951లో పూర్తయిన, వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె గీసిన జంట భవనాలు, ఒక్కొక్కటి 26 అంతస్తులు, దీనికి పేరుపడ్డ ఉదాహరణ.

నాలుగో రకం దగ్గర కాస్త ఆగాలి. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు గోడలు, శ్లాబులు తెచ్చి, పేకముక్కల్లా ఒకదానిపై ఒకటి నిలబెట్టిన భవనాలివి. యుద్ధానంతరం ఇళ్ల కొరత తీర్చడానికి యూరప్ అంతటా వేలల్లో వెలిశాయి. తూర్పు లండన్‌లోని రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల టవర్ అలాంటిదే. 1968 మే 16 తెల్లవారుజామున 18వ అంతస్తులో ఒక ఇంట్లో గ్యాస్ పేలింది. పేలుడు మరీ పెద్దదేమీ కాదు. కానీ అది బయటికి తోసిన గోడ పైనున్న అంతస్తులను మోస్తున్న గోడ. భవనం మూల ఒకటి పైనుంచి కింది దాకా కుప్పకూలింది, నలుగురు చనిపోయారు. అప్పటికి అందులో జనం చేరి కొన్ని వారాలే అయింది. తప్పు పాతదనంలో లేదు, పలకల మధ్య కీళ్లలో ఉంది.

మీరు చూస్తున్నది ఈ కోవదేనా అని బయటి నుంచే చాలావరకు పసిగట్టవచ్చు. గది కొలతలో గోడ మీద నిలువు, అడ్డ గీతలు వరుసగా కనిపిస్తూ, వాటిలో రబ్బరు లాంటి పూడిక ఉంటే పలకల భవనమే అయి ఉండాలి. అయినంత మాత్రాన వదిలేయనక్కరలేదు. తర్వాతి కాలంలో కీళ్లను బలపరిచినవి చాలా ఉన్నాయి. ఆ పని జరిగిందని చూపే ఇంజినీరు నివేదిక చేతికి వచ్చేదాకా మాత్రం బయానా ఇవ్వకండి.

రెండో అడుగు: మీ సొంతమయ్యేది ఏమిటో కాగితం మీద చూడండి

"ఫ్లాటు అమ్మకానికి ఉంది" అన్న మాట వెనక మూడు వేర్వేరు వస్తువులు ఉండవచ్చు.

ఒకటి, ఫ్లాటు మీ పేరిట రిజిస్టరయి, స్థలంలోనూ ఉమ్మడి భాగాల్లోనూ అవిభాజ్య వాటా రావడం. ఇదే అన్నిచోట్లా ఉండే పద్ధతి అనుకుంటాం. నిజానికి ఇలా అంతస్తు మీది ఇంటికి విడిగా హక్కు ఇచ్చే చట్టాలు చాలా దేశాల్లో ఈ భవనాలతో పాటే పుట్టాయి. జర్మనీలో 1951లో, ప్యూర్టో రికోలో 1958లో, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1961లో వచ్చాయి. అంతకుముందు కట్టిన భవనాలు మరో దారి వెతుక్కోవలసి వచ్చింది.

ఆ దారే రెండో రకం, సహకార సంఘం. భవనమంతా సంఘానిది. మీరు కొనేది సంఘంలో వాటాలు, వాటితో పాటు ఆ ఇంట్లో ఉండే హక్కు. పైన చెప్పిన షికాగో టవర్లు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఇక్కడ మీరు కొంటానంటే చాలదు, చాలాచోట్ల సంఘం మిమ్మల్ని ఒప్పుకోవాలి. అద్దెకివ్వడంపై ఆంక్షలు ఉండవచ్చు. భవనం మీదే సంఘం పేరిట అప్పు ఉంటే అందులో మీ వాటా మీరు మోయాలి. ఫ్లాటు ధర చౌకగా కనిపించడానికి ఒక్కోసారి కారణం ఈ అప్పే. అమ్మేవారు అడిగిన ధరకు ఆ వాటా కలిపితేనే అసలు ధర.

మూడోది లీజు. 1960లో 99 ఏళ్లకు రాసిన లీజు 2059లో ముగుస్తుంది. మీరు ఇప్పుడు కొని, ఇరవై ఏళ్లు ఉండి అమ్మబోతే కొనేవారికి మిగిలేది పదిహేనేళ్లూ ఉండదు. అంత తక్కువ గడువున్న ఇంటికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. కాబట్టి గడువు పొడిగించే హక్కు ఉందా, ఉంటే దాని ఖర్చు ఎవరు లెక్కగడతారు అన్నది ధర మాట్లాడక ముందే న్యాయవాదితో తేల్చుకోవాలి.

చారిత్రక కట్టడంగా రక్షణ ఉందా అన్నదీ ఇప్పుడే కనుక్కోండి. ఉంటే భవనాన్ని ఎవరో రాత్రికి రాత్రి కూల్చేస్తారన్న భయం చాలావరకు ఉండదు. దానికి బదులు కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి.

మూడో అడుగు: మినిట్స్ పుస్తకం చదవండి

నేనైతే రెండు గంటలు ఇంటి తనిఖీకి, నాలుగు గంటలు ఈ కాగితాలకు కేటాయిస్తాను. అయిదేళ్ల సర్వసభ్య సమావేశాల మినిట్స్ (చర్చల, తీర్మానాల నమోదు), మూడేళ్ల జమాఖర్చులు, ఇంజినీరు నివేదికలు, భవనం బీమా పత్రం, మెయింటెనెన్స్ బకాయిల జాబితా: ఈ అయిదూ అడగండి. ఇవ్వడానికి వెనకాడితే ఆ వెనకాడడమే మీకు దొరికిన మొదటి నివేదిక.

మినిట్స్ చదవడానికి ఒక కిటుకు ఉంది. కొత్త విషయాలను వదిలేసి, మళ్లీ మళ్లీ వచ్చే విషయాన్ని పట్టుకోండి. ఒకసారి నేను చదివిన పుస్తకంలో మొదటి ఏడు "పైఅంతస్తు మూల ఫ్లాటులో చెమ్మ, ప్లంబరుకు చెప్పాలి" అని ఉంది. రెండో ఏడు "మూల ఫ్లాట్లలో చెమ్మ, కొటేషన్లు తెప్పించాలి" అయింది. అప్పటికే ఏకవచనం బహువచనంగా మారింది. మూడో ఏడు కొటేషన్ ఎక్కువగా ఉందని వాయిదా. నాలుగో ఏడు ఆ విషయమే లేదు. దాని బదులు ప్రవేశద్వారానికి రంగులు వేయాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పై పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. చెమ్మ తగ్గలేదు, దాని గురించి మాట్లాడే ఓపిక తగ్గింది.

వాయిదాల పర్యవసానం ఎంత దూరం పోగలదో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో లోకం చూసింది. అక్కడ కూలిన నివాస భవనం 1981 నాటిది, మనం మాట్లాడుకుంటున్న కాలానికి తర్వాతది. ఈత కొలను చుట్టూ ఉన్న శ్లాబులో నీరు నిలిచి కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఇంజినీరు రాసిచ్చారు. మరమ్మతుకు కోటిన్నర డాలర్ల దాకా అవుతుందని తేలింది. ఎవరెంత భరించాలన్న వాదనలు సాగాయి. 2021 జూన్ 24 రాత్రి భవనంలో పెద్ద భాగం కూలి 98 మంది చనిపోయారు. పాత భవనాలన్నీ ఇలా కూలిపోతాయని కాదు, ఇది అత్యంత అరుదు. కానీ నివేదిక రావడం, ఖర్చు చూసి బెదరడం, నెలలు గడవడం అన్న వరుస మాత్రం అరుదు కాదు.

జమాఖర్చుల్లో చూడవలసింది కార్పస్ ఫండ్, అంటే పెద్ద మరమ్మతుల కోసం సంఘం దాచిపెట్టిన సొమ్ము. అంకె పెద్దదా చిన్నదా అన్నది దానికదిగా ఏమీ చెప్పదు. రాబోయే పదేళ్లలో భవనానికి ఏమేం చేయాలో రాసుకోండి: డాబా నీటి రక్షణ పొర, లిఫ్టు, నిలువు గొట్టాలు, బయటి గోడలు, కిటికీలు. ఒక్కోదానికి సుమారు ఖర్చు ఇంజినీరును అడగండి. ఆ మొత్తంలో ఫండు ఎన్నో వంతు? మిగిలినదాన్ని మీ వాటా శాతంతో గుణించండి. 24 ఫ్లాట్ల భవనంలో ఆ లోటు ఇరవై నాలుగు ముక్కలవుతుంది, 200 ఫ్లాట్ల భవనంలో రెండు వందల ముక్కలు. ఒకే లిఫ్టున్న చిన్న భవనాలు అందంగా ఉంటాయి గానీ, ఆ లిఫ్టు మార్చే సంవత్సరం అందరి ముఖాలూ వాడిపోతాయి.

మెయింటెనెన్స్ తక్కువని మురిసిపోవద్దు. అరవై ఏళ్ల భవనానికి నెలసరి రుసుము మరీ తక్కువగా ఉందంటే, చేయవలసిన పని చేయడం లేదని అర్థం. అలాగే బకాయిదారులు పది శాతం దాటితే ఆ సంఘం పెద్ద మరమ్మతు భరించగలదన్న నమ్మకం పెట్టుకోకండి.

నాలుగో అడుగు: ముందు డాబా ఎక్కండి, తర్వాత సెల్లారు దిగండి

ఆ కాలపు వాస్తుశిల్పులకు చదునైన పైకప్పు అంటే మోజు. నీటికీ అదంటే మోజే. వాన కురిసిన మర్నాడు వెళ్లగలిగితే సగం పని అయినట్టే. నీరు ఎక్కడ నిలిచిందో, ఎండిన మడుగుల అంచున మట్టి గీతలు ఎక్కడున్నాయో చూడండి. పిట్టగోడ అడుగున పగుళ్లు, నీటి రక్షణ పొర గోడ మీదికి ఎక్కే చోట లేచిన అంచులు, డ్రెయిన్ నోళ్లలో మొలిచిన మొక్కలు కూడా చూడాలి. ఆ పొర ఎన్నిసార్లు వేశారో కూడా అడగాలి. పాతది తీయకుండా దానిపైనే మూడుసార్లు వేసి ఉంటే ఈసారి అంతా తవ్వి తీయవలసిందే, ఖర్చూ ఆ మేరకు పెరుగుతుంది.

సెల్లారులో అంతా బయటపడి ఉంటుంది, పైన గోడల్లో దాక్కున్న గొట్టాలు ఇక్కడ పైకప్పుకు వేలాడుతుంటాయి. టార్చి వేసి చూడండి. పోత ఇనుము డ్రైనేజీ గొట్టాల మీద నిలువునా సన్నటి పగులు, దాని వెంట నల్లటి చార కనిపిస్తే అది లోపలి నుంచి అరిగిపోయిందని గుర్తు. కొత్త గొట్టం ముక్కలు అక్కడక్కడ అతికించి ఉంటే ఎక్కడ పగిలితే అక్కడ మార్చుకుంటూ వస్తున్నారన్నమాట. గోడల మీద తెల్లటి ఉప్పు పొడి ఉంటే నీరు లోపలికి ఊరుతోంది. గొట్టాల చుట్టూ తెల్లటి పట్టీ లాంటిది చుట్టి ఉంటే, ముట్టుకోకండి. అది ఆస్‌బెస్టాస్, అంటే పోగులు ఊపిరితిత్తులకు చేటు చేసే ఖనిజం, కావచ్చు.

విద్యుత్ మీటర్ల గదిలో ఒక్క ప్రశ్న చాలు: ఒక్కో ఇంటికి ఎంత లోడు వస్తుంది? ఇంటికి నాలుగు బల్బులు, ఒక రేడియో, ఒక ఫ్రిజ్ ఉంటాయన్న లెక్కన వేసిన తీగలవి. ఇప్పుడు ఏసీలు, ఇండక్షన్ పొయ్యిలు, కార్ల చార్జింగు కావాలి. భవనానికి వచ్చే ప్రధాన కేబులే సన్నదైతే మీ ఫ్లాటులో ఎంత మంచి వైరింగు చేయించినా ఫలితం ఉండదు.

లిఫ్టు ఎక్కినప్పుడు ఏ ఏ అంతస్తుల్లో ఆగుతుందో గమనించండి. నవ్వులాటకు అనడం లేదు. మార్సెయ్ భవనంలో నడవాలు ప్రతి మూడో అంతస్తులోనే ఉంటాయి, ఇళ్లు ఆ నడవా నుంచి పైకో కిందికో మెట్లతో సాగుతాయి. దాన్ని చూసి కట్టిన భవనాల్లో లిఫ్టు దిగాక ఒక అంతస్తు ఎక్కవలసి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఇంట్లో ఉంటే ఆ ఇల్లు వద్దనుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

అయిదో అడుగు: కాంక్రీటు మాట వినండి

వినడం అంటే చెవితోనే. కొత్త కాంక్రీటు బాగా క్షారగుణంతో ఉంటుంది, ఆ గుణమే లోపలి ఇనుప చువ్వలకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి దిగి ఆ క్షారాన్ని తగ్గిస్తుంది. అది చువ్వల లోతుకు చేరిన రోజు నుంచి చెమ్మ తగిలితే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలి నుంచి తోసి పెచ్చులూడదీస్తుంది. ఆ కాలంలో చువ్వల మీద కాంక్రీటు కప్పు పలచగా వేసేవారు, పోత నాణ్యత కూడా ఒక్కో అంతస్తులో ఒక్కో తీరుగా ఉండేది.

బాల్కనీకి వెళ్లి చేతిలో చిన్న సుత్తి పట్టుకోండి, అదీ లేకపోతే బరువైన నాణెం. పై బాల్కనీ అడుగు భాగాన్ని, అంచును బెత్తెడు బెత్తెడు దూరంలో తడుతూ పోండి. గట్టి కాంక్రీటు "టక్ టక్"మని పొడిగా, స్పష్టంగా పలుకుతుంది. లోపల పొర విడిపోయిన చోట ఆ శబ్దం హఠాత్తుగా మారి, ఖాళీ డబ్బాను తట్టినట్టు బోలుగా వినిపిస్తుంది. పైకి రంగు చక్కగా ఉన్నా చెవి మోసపోదు. ఆ అంచునే కొంచెం వంగి చూస్తే నీటి బొట్టు జారిపోవడానికి అడుగున గాడి ఉండాలి. రంగుల మీద రంగులు వేసి ఆ గాడిని పూడ్చేసి ఉంటే నీరు శ్లాబు అడుగున పాకి గోడ దాకా వస్తుంది. గోధుమరంగు చారలు కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు.

ఇది మీ ప్రాథమిక పరీక్ష మాత్రమే. అసలు పరీక్ష స్ట్రక్చరల్ ఇంజినీరు చేస్తారు. కాంక్రీటును కొద్దిగా తొలిచి ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం మిగిలి ఉన్న చోట ముదురు గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. రంగు లేని పొర లోతు ఎంత, చువ్వలు ఎంత లోతున ఉన్నాయి అన్న రెండు అంకెలు పక్కపక్కన పెడితే భవనానికి ఎంత సమయం ఉందో తెలుస్తుంది. నివేదికలో ఈ రెండు అంకెలూ లేకుండా "భవనం సాధారణంగా బాగుంది" అని రాసి ఉంటే ఆ వాక్యానికి విలువ లేదు.

కాంక్రీటులో వాడిన సిమెంటు రకమూ అడగదగ్గదే. త్వరగా గట్టిపడుతుందని ఆ రోజుల్లో కొన్ని దేశాల్లో అల్యూమినా ఎక్కువగా ఉన్న సిమెంటు వాడారు. వేడి, తేమ తగిలితే అది కాలక్రమంలో బలం కోల్పోతుంది. బార్సిలోనాలోని తురో దె లా పెయిరా ప్రాంతంలో 1990లో ఒక నివాస భవనం కూలాకే దీని తీవ్రత స్పెయిన్‌కు తెలిసివచ్చింది.

బయటి గోడలకు చిన్న చిన్న పలకలు అతికించి ఉంటే అవీ చూడండి. సావో పాలోలోని కోపాన్, వాస్తుశిల్పి ఆస్కార్ నీమేయర్ గీసిన 1,160 ఇళ్ల అల ఆకారపు భవనం, 1966లో పూర్తయింది. దాని ముఖం మీది పలకలు ఊడిపడుతుండడంతో ఏళ్ల తరబడి వల కప్పి ఉంచారు. అంత పేరున్న భవనానికే తప్పలేదు.

ఆరో అడుగు: ఇప్పుడు ఫ్లాటులోకి రండి

నీళ్లతో మొదలుపెట్టండి. ఉదయాన్నే, ఇంట్లో ఇంకా ఎవరూ కుళాయి తిప్పకముందు వెళ్లగలిగితే మేలు. తెల్లటి గిన్నెలో మొదటి నీళ్లు పట్టండి. ఎర్రగా వస్తే లోపల జింకు పూత ఇనుప గొట్టాలున్నాయి, పూత పోయింది. ఆ తర్వాత వంటింట్లో, స్నానాల గదిలో కుళాయిలు ఒకేసారి తిప్పి, ఫ్లష్ లాగండి. ధార దారంలా సన్నబడితే గొట్టం లోపల తుప్పు పేరుకుని దారి మూసుకుపోయింది. మీ ఫ్లాటు గొట్టాలు మార్చుకోవడం మీ చేతిలో పని. షాఫ్టులో నిలువుగా వెళ్లే గొట్టాలు మార్చాలంటే పై ఇల్లూ కింది ఇల్లూ ఒప్పుకోవాలి, అందరి స్నానాల గదుల పలకలూ పగలాలి. విక్రేత కొత్తగా చేయించిన మెరిసే బాత్‌రూమ్ చూపిస్తే, నిలువు గొట్టాలు కూడా అప్పుడే మార్చారా అని అడగండి. లేదంటే ఆ మెరుపుకు మీరు కడుతున్న డబ్బు కొన్నాళ్లలో చెత్తకుప్పలోకి పోతుంది.

విద్యుత్‌లో రెండు చూడాలి. ఎర్తింగు లేని రెండు రంధ్రాల సాకెట్లు, అల్యూమినియం తీగలు. రాగి ధర పెరగడంతో ఉత్తర అమెరికాలో సుమారు 1965 నుంచి 1973 దాకా ఇళ్లలో అల్యూమినియం వాడారు. చిక్కు తీగ పొడవునా ఉండదు, కలిపే చోట ఉంటుంది: మర వదులవుతుంది, వేడెక్కుతుంది. 1972కు ముందు అల్యూమినియం తీగలు వేసిన ఇళ్లలో కనెక్షన్లు అగ్నిప్రమాద స్థాయికి చేరే అవకాశం రాగి తీగల ఇళ్లకన్నా 55 రెట్లు ఎక్కువని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతుంది. ఎలక్ట్రీషియన్ చేత రెండు సాకెట్లు విప్పించి చూస్తే పావుగంట పని.

నేల మీద తొమ్మిది అంగుళాల చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు ఉంటే ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకుని నడుచుకోండి, పరీక్షలో అది లేదని తేలేదాకా. చెక్కుచెదరకుండా ఉంటే దాని ప్రమాదం తక్కువ. తొలిచినా, గీకినా, పగలగొట్టినా గాలిలోకి లేచే పోగులే ఊపిరితిత్తులకు చేటు. అమ్మేవారు "మేము ముప్పై ఏళ్లుగా ఉంటున్నాం, ఏమీ కాలేదు" అంటారు. నిజమే, వారు దాన్ని తొలచలేదు. తొలచబోయేది మీరు. పాత రంగుల పొరల్లో సీసం సంగతీ ఇంతే. పసిపిల్లలున్న ఇంట్లో మరింత జాగ్రత్త.

కిటికీల విషయంలో నేను కొంచెం పక్షపాతిని. సన్నటి ఉక్కు చట్రాల కిటికీలు ఆ భవనాల ప్రాణం, వాటిని పీకి దుక్కల్లాంటి ప్లాస్టిక్ చట్రాలు బిగించిన ఇంట్లో వెలుతురు కూడా ముఖం మాడ్చుకున్నట్టు ఉంటుంది. అయితే ఒంటి అద్దం చలినీ ఎండనీ శబ్దాన్నీ అంతగా ఆపదు. పైగా లోపలి శ్లాబే ఎడం లేకుండా బాల్కనీగా బయటికి సాగడంతో, చలి దేశాల్లో ఆ మూలలు చల్లబడి, లోపలి తేమ అక్కడ చేరి బూజు పడుతుంది. పడకగదిలో అలమర గోడకు ఆనించి ఉంటే జరిపి చూపించమనండి. మొహమాటపడకండి. బూజు దాక్కునేది అక్కడే.

ఎత్తు కొలవండి. లె కొర్బూజియె ఆరడుగుల మనిషి చెయ్యెత్తి నిలబడితే చాలన్న లెక్కతో 2.26 మీటర్ల ఎత్తు పెట్టాడు. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది, సీలింగు ఫ్యాను బిగించాలంటే భయమేస్తుంది. శబ్దానికి మాత్రం కొలబద్ద అక్కరలేదు. పైవారు ఇంట్లో ఉండే సాయంత్రం వేళ వెళ్లి పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పలచటి శ్లాబుల మీద అడుగుల చప్పుడు ఎలా దిగుతుందో తెలుస్తుంది.

ఏడో అడుగు: మార్పుల జాబితా రాసి, ఏవి కుదురుతాయో అడగండి

కొన్నాక మనం చూసుకుందాంలే అనుకునేవే కుదరకుండా పోతాయి. వంటింటి గోడ తీయడం, బాల్కనీ మూసేయడం, ఏసీ బయటి యూనిట్ బిగించడం, స్నానాల గది స్థానం మార్చడం: వీటికి సంఘం నియమావళిలో ఏముందో రాతపూర్వకంగా తెచ్చుకోండి. నేలలోనో పైకప్పులోనో వేడినీటి గొట్టాలు పోసి ఉన్న భవనాల్లో మేకు దించడానికి కూడా చూసుకోవాలి. పాత యజమాని బాల్కనీని అనుమతి లేకుండా గదిగా మార్చి ఉంటే ఆ తప్పు ఇంటితో పాటు మీకు వస్తుంది, తీసేయమంటే ఖర్చు మీదే.

రక్షిత భవనమైతే లోపలి వస్తువులు కూడా లెక్కలోకి రావచ్చు. మార్సెయ్ భవనంలో డిజైనర్ షార్లొత్ పెరియాఁ ప్రమేయంతో రూపొందిన తొలినాటి వంటిళ్లు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. పాతదని పారేసే ముందు అది ఎవరి చేతిపనో తెలుసుకోవడంలో నష్టం లేదు.

ఎనిమిదో అడుగు: ధర కట్టండి, షరతులు రాయించండి

ఒక కాగితం తీసుకుని అడిగిన ధర కింద నాలుగు వరుసలు రాయండి. సంఘం అప్పులో మీ వాటా. కార్పస్ లోటులో మీ వాటా. ఫ్లాటులో తప్పనిసరి పనులు, అంటే వైరింగు, గొట్టాలు, ఆస్‌బెస్టాస్ తొలగింపు. లీజు పొడిగింపు ఉంటే అది. వచ్చిన మొత్తాన్ని అదే ప్రాంతంలో కొత్త ఫ్లాటు ధరతో పోల్చండి. ఇంకా తక్కువగా ఉంటే, పైగా వెలుతురూ చెట్లూ అదనం అనిపిస్తే, బేరానికి కూర్చోవచ్చు. బేరంలో "పాతది కదా" అన్న మాట పనిచేయదు. ఇంజినీరు నివేదికలోని పేరా చూపిస్తే పనిచేస్తుంది.

బ్యాంకును ఒప్పందానికి ముందే అడగండి. మీ జీతం ఎంత బాగున్నా భవనం వయసు, లీజు గడువు, సంఘం ఆర్థిక స్థితి చూసి అప్పు ఇవ్వబోమనే బ్యాంకులు ఉన్నాయి. ఒప్పందంలో మూడు షరతులు ఉండాలి: అప్పు మంజూరు కాకపోయినా, స్ట్రక్చరల్ నివేదిక ప్రతికూలంగా వచ్చినా బయానా తిరిగి ఇవ్వాలి. రిజిస్ట్రేషన్‌కు ముందు సంఘం తీర్మానించిన ప్రత్యేక వసూళ్లు, వాయిదాల్లో కట్టేవైనా సరే, అమ్మేవారే భరించాలి. ఈ మూడోది ఎవరూ అడగరు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

తాళాలు తీసుకునే రోజున పాత యజమానితో కలిసి ఒక్క అరగంట ఇల్లంతా తిరగండి. నీళ్లు కట్టేసే వాల్వు ఎక్కడుంది, ఏ ఫ్యూజు ఏ గదిది, ఏ కిటికీ గొళ్లెం కొంచెం ఎత్తి తిప్పితేనే పడుతుంది అన్నవి ఏ దస్తావేజులోనూ ఉండవు. ఇలాంటి ఇళ్లలో అటక మీదో మెట్ల కింది గూట్లోనో ఒక అట్టపెట్టె ఉంటుంది: మిగిలిపోయిన నేల పలకలు, రెండు ఇత్తడి తలుపు పిడులు, ఒక కిటికీ గొళ్లెం, అదృష్టం బాగుంటే మడతల దగ్గర చిరిగిన అసలు ప్లాను. చెత్త అనుకుని వారు పారేయబోతారు. ఆ పలకలు, పిడులు ఇప్పుడు ఎక్కడా తయారు కావు. అక్కడే ఉంచేయమని ముందే చెప్పండి.